పలచని యంత్రం, తరిగిన రేవులు

నెల్లూరు తీరంలో పుట్టి పెరిగినవారికి పోర్టు అన్నది పరాయి మాటగా తోచదు. పోర్టు అంటే కృష్ణపట్నం. అంతకు ముందు తరంవారు రేవు అన్నారు. ఓడ వచ్చి ఆగే చోటు, సరుకు దిగే చోటు, ఎక్కే చోటు. ల్యాప్‌టాప్ అంచున ఉండే చిన్న రంధ్రాలను కూడా లోకం ఆ పేరుతోనే పిలుస్తున్నది. ఇంగ్లీషులో ఈ రెండు పోర్టులూ లాటిన్‌లోని రెండు వేర్వేరు మాటల నుంచి వచ్చాయి. ఒకటి రేవు, ఇంకొకటి ద్వారం. కాని ఆ రెండూ ఒకే ధాతువుకు చెందినవి. అర్థంలో కూడా అవి దూరపు చుట్టాలు కావు. యంత్రంలోని సరుకు బయటికి పోవాలన్నా, బయటి సరుకు లోపలికి రావాలన్నా దారి ఆ రంధ్రమే.

గత పదిహేడు పద్దెనిమిది ఏళ్లుగా ల్యాప్‌టాప్‌లు పలచబడుతూ వస్తున్నాయి. వాటితో పాటే రేవులు తరుగుతూ వస్తున్నాయి. ఈ రెండు మార్పులకూ ఉన్న సంబంధమేమిటి, వీటివల్ల లాభపడినదెవరు, నష్టపడినదెవరు అని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విచారణకు కారణమైన సంఘటన చిన్నది. కిందటి సంవత్సరం మా కళాశాలలో విద్యార్థుల సెమినార్ జరిగింది. తీరప్రాంతపు శాసనాల మీద పత్రం చదవవలసిన అమ్మాయి సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వస్తుంది. ఆ ఇంట్లో డిగ్రీ వరకు వచ్చిన మొదటి మనిషి ఆమె. శాసనాల ఫొటోలన్నీ వరసగా పేర్చి, మద్రాసులో ఉద్యోగం చేసే పెదనాన్న కొడుకు దగ్గర ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకుంది. అది చూడముచ్చటైన వస్తువు; నోటుపుస్తకం కంటె పెద్ద మందం లేదు. మా గదిలోని ప్రొజెక్టరుకు నీలం తలకాయ ఉన్న పాత కేబులు వేలాడుతున్నది. అటెండరు ఆ కేబులు చేత పట్టుకొని ల్యాప్‌టాప్‌ను నాలుగు వైపులా తిప్పి చూశాడు. 

"ఇది దీనికి పట్టదమ్మా" అన్నాడు.

"ఇది మా అన్నది సార్. దీనికి అట్లాంటి బొక్క లేదు" అన్నదా అమ్మాయి నా వైపు చూస్తూ. 

పెన్‌డ్రైవ్‌లో వేసి వేరే కంప్యూటరులో పెడదామంటే ఆ పెన్‌డ్రైవ్ కూడా దానికి పట్టలేదు. ఆ గదిలో ఫోను సిగ్నలు అందదు. చివరికి ఫొటోలు లేకుండానే ఆమె పత్రం చదివింది. అక్షరాల రూపం గురించి చెప్పవలసిన చోట గాలిలో వేలితో గీసి చూపించింది. వెనక బెంచీల్లో నవ్వులు వినిపించాయి.

తరువాత ఉపాధ్యాయుల గదిలో చర్చ జరిగింది. "ప్రొజెక్టరు పాతది, తప్పు దానిదే" అన్నారు ఒకరు. "అన్ని రంధ్రాలూ పూడ్చిన ల్యాప్‌టాప్‌దే తప్పు" అన్నారు ఇంకొకరు. తప్పు ఆ పిల్లదేనని, ముందే సరిచూసుకోవలసిందని మూడవవారు తేల్చారు. ఈ మూడు అభిప్రాయాలలోనూ చరిత్ర లేదు. పాత ప్రొజెక్టరు, కొత్త ల్యాప్‌టాప్ ఆ గదిలో ఎదురుపడడం యాదృచ్ఛికమేమీ కాదు. అవి ఎదురుపడేటట్టు నిర్ణయాలు ఎప్పుడో, ఎక్కడో జరిగాయి.

వెనక్కి వెళదాం. 1981లో ఆస్‌బోర్న్-1 అనే కంప్యూటరు వచ్చింది. మోసుకుపోగల కంప్యూటరుగా అమ్మకంలో విజయం సాధించినవాటిలో మొదటిది అదే. బరువు సుమారు 11 కిలోలు. తెర అయిదు అంగుళాలు. దాన్ని మోసుకుపోవడమంటే కుట్టు మిషను మోసుకుపోవడం వంటిది. ఆ సంవత్సరమే ఐ.బి.ఎం. వారి పి.సి. కూడా వచ్చింది. ఆ కాలపు యంత్రాలలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క రకపు రేవు. ప్రింటరుకు వెడల్పాటిది, మోడెముకు ఇంకొకటి, కీబోర్డుకు గుండ్రనిది. 1987లో ఐ.బి.ఎం. తన పి.ఎస్.2 యంత్రాలతో పాటు వి.జి.ఎ. అనే తెర రేవును తెచ్చింది. పదిహేను సూదులుండే ఆ అమరికే మా ప్రొజెక్టరు కేబులుకు తల్లి. ఆ వ్యవస్థలో గజిబిజి చాలా ఉండేది. ఒకటి పట్టే చోట మరొకటి పట్టదు. కొత్త పరికరం తగిలించిన ప్రతిసారీ యంత్రాన్ని ఆపి మళ్లీ నడపాలి. కనుక పాతకాలమంతా సుఖమని ఎవరైనా అంటే అది సత్యం కాదు.

ఆ గజిబిజికి విరుగుడుగా 1996 జనవరిలో యు.ఎస్.బి. మొదటి ప్రమాణం వెలువడింది. ఏడు కంపెనీలు కలిసి చేసిన పని అది. ఇంటెల్ కంపెనీలో ఆ పనికి ముందు నిలిచిన ఇంజనీరు అజయ్ భట్, గుజరాత్‌లోని బరోడాలో పుట్టినవాడు. ప్రింటరైనా, కీబోర్డైనా, మౌసైనా ఒకే ఆకారపు రంధ్రంలో పట్టాలన్నది దాని సూత్రం. 1998లో యాపిల్ వారి ఐమాక్ పాత రేవులన్నిటినీ, ఫ్లాపీ డ్రైవును కూడా తీసివేసి యు.ఎస్.బి.ని నెత్తిన పెట్టుకుంది. అప్పుడు కూడా పాత ప్రింటర్లు ఉన్నవారు ఇబ్బంది పడ్డారు. కాని ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. ఆనాడు తగ్గినవి రేవులలోని రకాలు. రేవుల సంఖ్య కాదు. తరువాతి పదేళ్లలో వచ్చిన మామూలు ల్యాప్‌టాప్‌లకు మూడు నాలుగు యు.ఎస్.బి. రంధ్రాలు, తెరకు ఒకటి, నెట్‌వర్కు కేబులుకు ఒకటి, ఇయర్‌ఫోనుకు ఒకటి, విద్యుత్తుకు ఒకటి ఉండేవి. ఒకేసారి నాలుగు పనులు జరిగేవి. ఏకీకరణ వేరు, కోత వేరు. తరువాతి చరిత్రలో ఈ రెంటినీ ఒకటిగా చూపించే ప్రయత్నం జరిగింది.

పలచదనం కోసం పోటీ కూడా ఆ కాలంలోనే మొదలైంది. 1998లో మిత్సుబిషి వారి పీడియన్ సుమారు 18 మిల్లీమీటర్ల మందంతో వచ్చింది. అది అమ్మకంలో నిలవలేదు. సోనీ వారు వయో పేరుతో ఇంకా పలచని యంత్రాలు చేశారు. అవి ధనికుల ఆటవస్తువులుగా ఉండిపోయాయి. పలచదనాన్ని ప్రజల కోరికగా మార్చినది మాత్రం 2008 జనవరి 15న జరిగిన ఒక ప్రదర్శన. స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఆఫీసు కాగితాలు పెట్టుకునే కవరు తెచ్చి, అందులో నుంచి మాక్‌బుక్ ఎయిర్‌ను బయటికి తీశాడు. దాని మందం ఎక్కువైన చోట 1.94 సెంటీమీటర్లు, తక్కువైన చోట 0.4 సెంటీమీటరు. బరువు 1.36 కిలోలు. ధర 1,799 డాలర్లు. సభ చప్పట్లతో మోగింది. ఆ కవరులో నుంచి రానివాటి పట్టిక కూడా చెప్పుకోవాలి. సీడీ డ్రైవు లేదు. నెట్‌వర్కు కేబులు రంధ్రం లేదు. యు.ఎస్.బి. ఒక్కటే. మెమరీని పలకకు అతికించివేశారు, పెంచుకునే వీలు లేదు. బ్యాటరీని వాడేవాడు తన చేతితో మార్చుకునే వీలు లేదు. నెట్‌వర్కు కేబులు కావలసినవారు 29 డాలర్లు పెట్టి విడిగా అడాప్టరు కొనుక్కోవచ్చు. దాన్ని తగిలిస్తే ఉన్న ఒక్క యు.ఎస్.బి. కూడా నిండిపోతుంది.

2010లో ఐప్యాడ్ వచ్చింది. మామూలు ల్యాప్‌టాప్‌ల మార్కెట్టు కదిలింది. 2011లో ఇంటెల్ కంపెనీ అల్ట్రాబుక్ అనే పేరు పెట్టి, ఆ పేరు వాడుకోదలచిన తయారీదారులకు కొలతలు నిర్ణయించింది. చిన్న తెర యంత్రం 18 మిల్లీమీటర్లు, పెద్ద తెరది 21 మిల్లీమీటర్లు మించరాదు. ఈ రకం యంత్రాలకు కావలసిన పరిశోధనకు 30 కోట్ల డాలర్ల నిధి ప్రకటించింది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. పలచదనం వినియోగదారుల విన్నపం మీద వచ్చినదైతే, దానికి ముందు కొలత గీసి నిధి కేటాయించే అవసరమేమిటి? మార్కెట్టు జారిపోతున్నదన్న భయం ఉత్పత్తిదారునిది. ఆ భయానికి మందు పలచదనం రూపంలో మన చేతికి వచ్చింది.

అయితే వాదంలో న్యాయం తప్పరాదు. పలచదనం వల్ల ప్రయోజనం లేదనడం మూర్ఖత్వం. రోజూ గూడూరు నుంచి నెల్లూరుకు కిక్కిరిసిన రైల్లో నిలబడి వచ్చే నా సహోద్యోగిని భుజానికి మూడు కిలోల యంత్రానికీ కిలో యంత్రానికీ తేడా తెలుసు. ఆమె భుజం నొప్పి ప్రకటనలు కల్పించినది కాదు. బరువు తగ్గడం శ్రమ తగ్గడమే. మన ప్రశ్న వేరు. అక్కడ తగ్గిన బరువు ఎక్కడికి పోయింది?

దీనికి జవాబు యంత్రం కొలతలలోనే ఉన్నది. పాత యు.ఎస్.బి. ప్లగ్గు మందం 4.5 మిల్లీమీటర్లు. దాన్ని పట్టే గూడు, దాని చుట్టూ లోహపు తొడుగు, పైనా కిందా పెట్టె గోడలు కలిస్తే అంచు అంతకంటె పలచబడడానికి వీలులేదు. నెట్‌వర్కు కేబులు తల దానికంటె పెద్దది. వి.జి.ఎ. తల ఇంకా పెద్దది. అంచును కత్తి వాదరలాగా చెక్కదలచినవాడు ముందు తీయవలసినది ఈ గూళ్లనే. తరువాత ఫ్యాన్లకు చోటు తగ్గుతుంది. వేడి పోయే దారి ఇరుకై, ఎక్కువసేపు పని చేయించినప్పుడు యంత్రం తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కీబోర్డు మీటల లోతు తగ్గుతుంది. మెమరీ, డిస్కు పలకకు అతుక్కుపోతాయి. ఒకటి చెడితే పలకంతా మార్చాలి. ఒక్కొక్క మిల్లీమీటరుకు వెల ఉన్నది. ఆ వెల కొన్న రోజున కనిపించదు. మూడవ సంవత్సరం మరమ్మతు దుకాణంలో కనిపిస్తుంది.

2014 ఆగస్టులో టైప్-సి అనే కొత్త యు.ఎస్.బి. అమరిక ప్రమాణం వెలువడింది. ఇరవైనాలుగు సూదులు. ఎటు తిప్పి పెట్టినా పట్టుతుంది. ప్లగ్గు మందం రెండున్నర మిల్లీమీటర్లకు లోపే. విద్యుత్తు, చిత్రం, సమాచారం మూడూ దానిగుండా నడుస్తాయి. ఇది నిజమైన ప్రగతి. అయితే తరువాత సంవత్సరమే, 2015లో, యాపిల్ వారు 13.1 మిల్లీమీటర్ల మందమూ 0.92 కిలో బరువూ ఉన్న మాక్‌బుక్‌ను తెచ్చారు. ఇయర్‌ఫోను రంధ్రం కాక దానికి ఉన్నది ఒకే ఒక టైప్-సి. ఛార్జింగు పెడితే పెన్‌డ్రైవ్‌కు చోటు లేదు. పెన్‌డ్రైవ్ పెడితే ఛార్జింగుకు చోటు లేదు. రెండూ కావాలంటే, తెర కూడా కావాలంటే, 79 డాలర్ల అడాప్టరు. 2016లో పెద్ద యంత్రాలకు కూడా ఇదే సూత్రం వర్తింపజేశారు. నాలుగు టైప్-సి రేవులు మిగిల్చి, హెచ్.డి.ఎం.ఐ.ని, ఫొటోగ్రాఫర్లు వాడే కార్డు గూటిని, పాత యు.ఎస్.బి.ని తీసివేశారు. గగ్గోలు పుట్టడంతో ఆ సంవత్సరం చివరి వరకు అడాప్టర్ల ధరలు తగ్గించారు. ఇతర కంపెనీలు కూడా అదే దారి పట్టాయి. 2022లో వచ్చిన డెల్ ఎక్స్.పి.ఎస్. 13 ప్లస్‌లో చివరకు ఇయర్‌ఫోను రంధ్రం కూడా లేదు.

ఇక ఈ అడాప్టరు అన్నదాని స్వరూపం చూడాలి. అందుకు మన తీరం చరిత్ర ఉపకరిస్తుంది.

కోరమాండల్ తీరంలో ఓడలు ఒడ్డుకు రాలేవు. అలల ఉధృతి ఎక్కువ, ఒడ్డు దగ్గర లోతు తక్కువ. ఓడ దూరంగా లంగరు వేసేది. పలకలను కొబ్బరి నారతో కుట్టిన మసూలా పడవలు ఓడకూ ఒడ్డుకూ మధ్య సరుకు మోసేవి. మేకులు కొట్టిన పడవ ఆ అలల దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. పడవ కూలి సరుకు ధరలో కలిసేది. పడవ బోల్తా పడితే సరుకు పోయేది, ఒక్కొక్కప్పుడు మనిషి కూడా పోయేవాడు. అడాప్టరు కూడా ఇటువంటి పడవే. యంత్రం దూరాన లంగరు వేసుకొని కూర్చుంటుంది. ప్రింటరు, ప్రొజెక్టరు, పెన్‌డ్రైవ్ ఒడ్డున ఉంటాయి. మధ్య ఒక చిన్న పడవ. అయితే మసూలా పడవను తెచ్చినది ప్రకృతి. అలను ఎవరూ తయారు చేయలేదు. ల్యాప్‌టాప్ చుట్టూ ఉన్న ఈ లోతులేని నీటిని మాత్రం మనుషులే తయారు చేశారు. తరువాత పడవను కూడా వారే అమ్ముతున్నారు.

రేవులు తగ్గిన చరిత్ర కూడా మన తీరానికి తెలుసు. దుర్గరాజపట్నంలో ఇంగ్లీషువారు 1626లో స్థావరం పెట్టారు. వారు దాన్ని ఆర్మగాన్ అన్నారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుని అనుమతి పొందిన తరువాత కంపెనీ చూపు మద్రాసు వైపు తిరిగింది. 1899లో మద్రాసు, బెజవాడల మధ్య రైలుదారి కలిసింది. మద్రాసులో కృత్రిమ నౌకాశ్రయం అప్పటికే లేచింది. వర్తకం ఒక పెద్ద రేవుకు చేరింది. తీరం పొడుగునా ఉన్న చిన్న రేవులు బెస్తవారి పడవలకు మిగిలాయి. పెద్ద ఓడకు ఇది లాభం. నాలుగు చోట్ల ఆగనక్కరలేదు, ఒక్క చోట సరుకు దింపితే చాలు. చిన్న ఊరి రైతుకు మాత్రం ఆ ఒక్క చోటికి సరుకు చేర్చే ఖర్చు కొత్తగా నెత్తిన పడింది. మొత్తం మీద వర్తకం పెరిగిందా అంటే పెరిగింది. ఆ పెరుగుదలకు కూలి ఎవరు చెల్లించారన్నది వేరే ప్రశ్న. చరిత్ర రాసేవారు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి రెండవదాన్ని వదిలివేయడం పరిపాటి.

ల్యాప్‌టాప్ విషయంలో ఆ రెండవ ప్రశ్న వేద్దాం. తీగలు లేకుండా జీవించగల మనిషి ఎవరు? ఇంట్లో, ఆఫీసులో వేగమైన వైఫై ఉన్నవాడు. దాచుకోవలసిన సమాచారాన్ని నెలనెలా అద్దె కట్టి ఎక్కడో దూరపు సర్వర్లలో దాచుకునేవాడు. తీగ అక్కరలేని ప్రింటరు, ఇయర్‌ఫోను, మౌసు అన్నీ కొత్తవి కొనుక్కున్నవాడు. అతనికి ఒక్క రేవు చాలు, అది కూడా ఛార్జింగుకే. పలచని యంత్రాన్ని గీసినవారి కళ్ల ముందు కూర్చున్నది ఆ మనిషి. మా తీరంలో కంప్యూటరుతో పనిచేసేవారు ఎవరు? గ్రామ సచివాలయంలో వేలిముద్ర యంత్రం తీగను తగిలించి ముసలివారి వేళ్లను తుడిచి తుడిచి పెట్టించే ఉద్యోగి. టెండరు వేయడానికి డిజిటల్ సంతకపు టోకెనును గుచ్చే చిన్న కాంట్రాక్టరు. పెన్‌డ్రైవ్ ఆకారంలో ఉండే ఆ టోకెన్లు ఎక్కువగా పాత యు.ఎస్.బి. రంధ్రానికే పడతాయి. జిరాక్సు దుకాణంలో హాల్‌టికెట్టు అచ్చువేయించుకునే విద్యార్థి. పెళ్లి ఫొటోలను కార్డు నుంచి దింపుకునే ఫొటోగ్రాఫరు. వీరందరి పనీ తీగ మీద ఆధారపడినదే.

ఇక్కడ మా ప్రొజెక్టరు కథ కూడా చెప్పాలి. 2010 డిసెంబరులో ఇంటెల్, ఎ.ఎం.డి., డెల్, లెనోవో, శామ్‌సంగ్, ఎల్.జి. కంపెనీలు కలిసి వి.జి.ఎ.కు కాలం తీరిందని, 2015 నాటికి దాన్ని విరమిస్తామని ప్రకటించాయి. సాంకేతికంగా ఆ నిర్ణయంలో తప్పు లేదు, వి.జి.ఎ. పాతబడిన మాట నిజం. కాని ఒక జిల్లా కళాశాల ప్రొజెక్టరు కొనాలంటే నిధులు రావాలి, కమిటీ కూర్చోవాలి, టెండరు పిలవాలి. ఒకసారి కొన్నది పాడయ్యేదాకా వాడాలి. ల్యాప్‌టాప్ మూడేళ్లకు మారుతుంది, ప్రొజెక్టరు పన్నెండేళ్లకు మారుతుంది. ఈ రెండు కాలాలూ ఒకే గదిలో ఢీకొన్నాయి. ఢీకొన్న చోట నిలబడినది ఆ పల్లె అమ్మాయి.

ఒక్క రేవే ఉండడంలో ఇంకొక ప్రమాదం కూడా ఉన్నది. అది సముద్రం పక్కన బతికేవారికి బాగా అర్థమవుతుంది. మా ఊళ్లలో ఇంటి గేటు మేకులు రెండు మూడేళ్లకే తుప్పు పడతాయి. ఉప్పుగాలి లోహాన్ని తింటుంది. టైప్-సి రంధ్రంలో ఇరవైనాలుగు సూదులు వెంట్రుక దూరంలో ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. అక్కడ తేమ చేరి కిలుం పట్టినా, బస్సు కుదుపుకు ప్లగ్గు వంగి లోపలి పలక సడలినా, నాలుగు రేవులున్న యంత్రానికి మూడు మిగులుతాయి. ఒకే రేవు ఉన్న యంత్రానికి ఛార్జింగే ఎక్కదు. అది అందమైన పలకగా మిగిలిపోతుంది. రంధ్రాలు తగ్గితే దుమ్ము దూరే దారులు తగ్గుతాయన్న మాట కూడా నిజమే. కాని ఉన్న ఒక్క దారే మూసుకుపోయిన ఇంటి సంగతి కూడా ఆలోచించాలి.

మరొక చిక్కు పైకి కనిపించదు. టైప్-సి రంధ్రాలన్నీ చూడడానికి ఒకటే. కాని ఒకదానిలో సెకనుకు 40 గిగాబిట్ల సమాచారం నడుస్తుంది. ఇంకొకదానిలో 480 మెగాబిట్లే. ఒకటి తెరకు బొమ్మ పంపుతుంది, ఇంకొకటి పంపదు. కేబుళ్ల సంగతీ ఇంతే. పాత రోజుల్లో పట్టనిది పట్టదని కంటితో చూస్తే తెలిసేది. ఈ రోజుల్లో అన్నీ పడతాయి, కొన్నే పనిచేస్తాయి. ఎందుకు పనిచేయలేదో కొన్నవాడు దుకాణదారుని అడగాలి. గజిబిజి తొలగిపోలేదు, బయటినుంచి లోపలికి పోయి దాక్కున్నది.

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి పలచదనం సారాంశాన్ని ఒక మాటలో చెప్పవచ్చు. యంత్రంలో తగ్గిన బరువు మాయమైపోలేదు. అది వాడేవాని సంచిలోకి అడాప్టరుగా, కళాశాల ఖాతాలోకి కొత్త ప్రొజెక్టరుగా, మరమ్మతు దుకాణంలో పలక ఖరీదుగా మారింది. సంచి నిండా అడాప్టర్లు మోయగలవానికి, కొనగలవానికి ఆ మార్పు లెక్కలోకి రాదు. అరువు యంత్రంతో వచ్చినవారికి అదే మొత్తం లెక్క.

అయితే ఇది తప్పించుకోలేని విధి అని అనుకోవడం పొరపాటు. ఈ చరిత్ర ఒకే దిశగా నడవలేదు. 2015 నుంచి 2019 వరకు యాపిల్ యంత్రాలలో పలచదనం కోసం పెట్టిన కీబోర్డు చిన్న నలుసు పడితే చాలు మొరాయించేది. కొన్నవారు అమెరికాలో కోర్టుకెక్కారు. 2022లో కంపెనీ 5 కోట్ల డాలర్లతో రాజీకి వచ్చింది. 2021 అక్టోబరులో ఆ కంపెనీయే తన పెద్ద ల్యాప్‌టాప్‌లకు హెచ్.డి.ఎం.ఐ.ని, కార్డు గూటిని, అయస్కాంతపు ఛార్జింగు రేవును తిరిగి ఇచ్చింది. 2016 నాటి పెద్ద నమూనా మందం 15.5 మిల్లీమీటర్లు, 2021 నాటిది 16.8. ఒక మిల్లీమీటరు పైచిలుకు వెనక్కి నడిస్తే రేవులు తిరిగి వచ్చాయి. సాంకేతిక అనివార్యత అని ఐదేళ్లు చెప్పినది, వాడేవారి అసంతృప్తి ముందు అనివార్యం కాకుండా పోయింది. ఆ సంవత్సరమే ఫ్రేమ్‌వర్క్ అనే కొత్త కంపెనీ, రేవులను కావలసినట్టు మార్చుకునే ల్యాప్‌టాప్‌ను సుమారు 16 మిల్లీమీటర్ల మందంలోనే చేసి చూపింది. పలచదనానికీ రేవులకూ పుట్టుకతో వైరమేమీ లేదని దానితో రుజువైంది.

రెండవ మార్పు చట్టం ద్వారా వచ్చింది. ఐరోపా సమాజం 2022లో ఒక ఆదేశం చేసింది. ఫోన్లకు 2024 డిసెంబరు 28 నుంచి, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి ఛార్జింగు రేవు అందరిదీ టైప్-సిగానే ఉండాలని అది విధించింది. దీన్ని చదివినప్పుడు నాకు మోటుపల్లి శాసనం గుర్తుకు వచ్చింది. మన తీరానికి ఉత్తరాన ఉన్న ఆ రేవులో కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అభయశాసనం వేయించాడు. గాలివానకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పాలకులు కాజేసే ఆచారాన్ని అతడు మానిపించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమని సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. రేవు ఒకటా, పదా అన్నది ఒక ప్రశ్న. రేవు మీద అధికారం ఉన్నవాడు వచ్చేవారికి ఏ హామీ ఇచ్చాడన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. అందరికీ ఒకే ఛార్జరు అన్నది హామీ. దాని పేరు చెప్పి మిగిలిన రేవులన్నీ పూడ్చి పడవ అమ్మడం కాజేయడం. ఒకే టైప్-సి రంధ్రం ఈ రెంటికీ పనికి వస్తుంది. ఏది జరుగుతుందన్నది వాడేవారు నోరు విప్పడం మీద, ప్రభుత్వాలు నిబంధన పెట్టడం మీద ఆధారపడి ఉంటుంది.

కాబట్టి మనం కోరవలసినది పాత యంత్రాల పునరాగమనం కాదు. పదకొండు కిలోల పెట్టెను ఎవరూ మళ్లీ మోయనక్కరలేదు. కళాశాలలకు, సచివాలయాలకు యంత్రాలు కొనే కమిటీలు కాగితం మీద వేగం, మెమరీ, ధర రాసుకుంటాయి. ఆ పట్టికలో ఇంకొక వరస చేర్చాలి: దీనికి ఎన్ని రేవులు, ఎలాటివి, అవి ఏమేమి మోయగలవు, ఒకటి చెడితే మార్చగలమా? ఆ వరస నింపకుండా కొన్న యంత్రానికి మిగతా ఖర్చు ఎవరో ఒకరు కడతారు. ఆ ఎవరో ఒకరు కమిటీలో ఉండరు.

మా సెమినార్ గదిలో ఇప్పుడు ప్రొజెక్టరు బల్లకు ఒక అడాప్టరు పురికొసతో కట్టి ఉన్నది. ఎవరూ జేబులో వేసుకుపోకుండా అటెండరు రెండు ముళ్లు వేశాడు. అది కళాశాల నిధులతో కొన్నది కాదు. ఆ శాఖలోని నలుగురం చందా వేసుకొని ట్రంకురోడ్డులో కొన్నాం. ఆ అమ్మాయి తన శాసనాల ఫొటోలను తరువాత నెలలో తరగతికి చూపించింది. ఈసారి వెనక బెంచీలవారు ముందుకు జరిగి చూశారు. ఆమె పత్రంలో మొదటి రోజు కూడా లోపం లేదు. లోపమల్లా ఆమె విజ్ఞానం బయటికి రావడానికి రేవు లేకపోవడమే.